రేపు వాస్వా అని పిలవాలట

"నాకేదో భయంగా ఉంది సెబున్యా. రేపు బెరడు బట్ట భుజాన వేశాక వీడు నాకు మిగలడేమో అనిపిస్తోంది."

మా ఆయన పోయాక జరిగే పెద్ద కర్మ రేపు. విందుకు అరటికాయలు చెక్కు తీస్తూ పెరట్లో నేను, మా మరిది సెబున్యా, నా కొడుకు కాతో.

"ఎక్కడికి పోతాడు వదినా? తండ్రి పోతే కొడుక్కి ఆ బట్ట వేసి వారసుడని చెప్పడం మనకి కొత్తా? అన్నయ్య కుర్చీలో కూర్చుంటాడు. ఆయన ఖాళీ చేసిన ఎంపీ సీటుకే నిలబడతాడు. పార్లమెంటుకి వెళ్తాడు."

"వీడు బోడా మోటారుసైకిల్ మీద కిరాయిలు తిప్పుకునేవాడయ్యా."

"అన్నయ్య మాత్రం? మొదట్లో మేకలు అమ్మలేదూ?"

"ఆయనకి చదువుంది. బడి చివరి పరీక్ష, ఆ సీనియర్ సిక్స్ పాసవ్వనివాళ్ళు నిలబడ్డానికి లేదని నిన్న మీ పార్టీవాళ్ళే అన్నారు. వీడు ఆ పరీక్ష రెండుసార్లు తప్పాడు."

"వాస్వా పాసయ్యాడు కదా."

"వాడి మాట ఇప్పుడెందుకు?"

"కవలలు వదినా, వాడూ వీడూ. ఇద్దరిదీ ఒకటే ముఖం. మీకు తప్ప ఎవరికీ ఆనవాలు దొరికేది కాదు."

"సెబున్యా, వద్దు."

"వినండి ముందు. కవల బిడ్డ చనిపోయాడని మనం నోటితో అనం. ఎగిరిపోయాడంటాం. ఇన్నేళ్ళలో ఊళ్ళో ఒక్కరన్నా ఆ మాట అన్నారా? సర్కారు ఆఫీసులోనూ రాయించలేదు. వాస్వా సర్టిఫికెట్టు వీడి చేతిలో పెడితే, ఎగిరిపోయినవాడు తిరిగొచ్చాడు. అంతే."

"అరటితోటలో వాడి మీద మట్టి పోసింది నువ్వే కదయ్యా."

"పోశాను. కాదంటానా? కానీ మా నాన్న నాటి సీటు వదినా ఇది. ఎదుటి పార్టీ లుతాలోగాడి చేతికి పోతే ఈ ఇంటి గడప ఎవరు తొక్కుతారు?"

"తొక్కకపోతే పీడా పోయింది. పట్టుబడితే వీణ్ణి జైల్లో వేస్తారు. అక్కడ దోమలు. జ్వరమొస్తే మందేసే దిక్కుండదు."

"జరగకముందే అన్నీ మీరే ఊహించేసుకుంటారు."

"నువ్వు చెప్పరా కాతో. నీకిది ఇష్టమేనా?"

"కాయలైపోయాయమ్మా. ఇంకో గెల తేనా?"

"అడిగినదానికి చెప్పు."

"నాన్న చివర్లో ఎవర్ని పిలిచాడో నువ్వూ విన్నావుగా."

"ఒళ్ళు తెలియని మనిషిరా అప్పటికి..."

"తల నా ఒళ్ళోనే ఉంది. వాస్వా అనే పిలిచాడు. బాగున్నప్పుడూ అంతే. మీటింగుల్లో వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. నేను కుర్చీలు వేసేవాణ్ణి."

"నేనెప్పుడన్నా నిన్ను తక్కువ చూశానా?"

"లేదమ్మా. నువ్వు చూడలేదు."

"వదినా, రేపు జనం ముందు మీరే పిలవాలి. కన్నతల్లి పిలిచాక ఇంకెవరూ నోరెత్తరు. ఒక్కసారి వాస్వా అనండి చాలు."

"మరి కాతో ఏడని ఎవరన్నా అడిగితే?"

"కాతోనే... ఎగిరిపోయాడని చెబుదాం."

"నా ఎదురుగా కూర్చున్న బిడ్డనా? కాతో, లే. కుదరదని మీ బాబాయ్‌తో చెప్పు."

"ఆలోచించుకోనివ్వండి వాణ్ణి."

"కాతో. నిన్నేరా. తలెత్తు. ఆ కత్తి పక్కన పెట్టు, చెయ్యి తెగుతుంది. కాతో."

"వదినా, ఇంక వదిలెయ్యండి. ఎంతసేపని పిలుస్తారు? పలకడం లేదు కదా."

"కాతో... నాన్నా..."

"వదినా."

"...వాస్వా."

"ఏంటమ్మా?"