టెంకాయ చప్పుడు

తువ్వాలు విదిలించి ఆ పిల్లిని తోలితే ఏమొస్తాది ఓబుళేసన్నా? అది ఎదురొచ్చింది మా ఆయనకు, మీకు కాదు. ఇట్ల అరుగు మీద కూచోండి. కుర్చీలో వద్దు, అది పిల్లులది.

ఆయన ఇప్పుడే రాడు. పిల్లి ఎదురైతే వెనక్కి తిరిగి, కూచోని, చెంబెడు నీళ్లు తాగల్ల. రెండోసారీ ఎదురైతే ఆ దినానికి పయనమే లేదు. వాళ్ల నాయన పెట్టిన కట్టుబాటు. అయినా భూమి లోపల నీళ్లు చూసే మీకు శకునాలు నేను చెప్పల్నా!

మీకూ తెమ్మంటారా నీళ్లు? ట్యాంకరువే. మీరు చూపించిన బోర్ల నీళ్లే ఇద్దును, నాలుగింటిలో ఒక్కదాంట్లోనూ ఇంకా రాలేదు.

ఏందీ? ఈ రెండు పిల్లుల్నీ గోనెసంచిలో వేసి ముదిగుబ్బ అవతల వదిలి రమ్మంటారా? ఎట్ల మనసొప్పుతాదన్నా! ఇప్పుడు అడ్డం పోయినదాని పేరు బెల్లం. నా ఒళ్లో ఉండేది దాని కూతురు, బూడిద. వంకలోంచి ఇసుక తెచ్చి గంపలో పోస్తే, దొడ్డికి ఆ గంపలోకే పోతాయి. పాలగిన్నె మీద మూత తీసినా ముట్టవు. రమ్మంటే వస్తాయి, ఆగమంటే ఆగుతాయి. ఈ ఇంట్లో చెప్పిన మాట వినేవి ఇవి రెండే.

నేర్పేది కష్టమేం కాదు. కొట్టకూడదు, అరవకూడదు. ఒక చప్పుడు వినిపించల్ల, వెంటనే ఎండుచేప ముక్క పెట్టల్ల, పెట్టేది ఎప్పుడూ ఒకే చోట పెట్టల్ల. గొర్లకు మేత డబ్బా ఆడిస్తామే, అట్లనే. పిల్లికి నాలుగు దినాలు చాలు. మా ఆయనకు పెండ్లయినప్పటి నుంచీ చెప్తానే ఉండా.

నవ్వండి, నవ్వండి. మీ నవ్వు మంచిదే. మా చీనీ బత్తాయి తోటలో మొదటి బోరుకు పాయింటు పెట్టిన పొద్దు కూడా ఇట్లే నవ్వినారు.

రెండో బోరులోనూ నీళ్లు పడనప్పుడు చీనీ ఆకులు ముడుచుకున్నాయి. మూడోది వేసేటప్పుడు బోరు బండి తెల్లటి దుమ్ము లేపి చెట్ల మీద పోసింది. వానొచ్చి కడుగుతాదని చూసినా. రాలేదు. ఆ దుమ్ముతోనే చెట్లు కొట్టించినాం. ఆ కట్టెలు పొయ్యిలో పెడితే నాకు ఇప్పటికీ కాయ తొక్క వాసన వస్తాది. ఆ మాట ఆయనతో అనను.

ఇప్పుడు ఐదో బోరంట. దానికి నా గొర్లు. బేరగాడు మడకశిర నుంచి వచ్చి, ఒక్కోదాని నోరు తెరిచి పండ్లు చూసి పోయినాడు. ఈ దినం ఆయన మీ వెంట చేనికొచ్చి పాయింటు ఖాయం చేసుకుంటే, సాయంత్రానికి గొర్లు టెంపో ఎక్కుతాయి. వద్దని ఏడ్చినా. అన్నం మానేసినా. "సుబ్బరత్నా, ఈసారి కచ్చితంగా పడతాది" అన్నాడు. మీ మాటే, మీ గొంతే.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దు, టెంకాయ చేతబట్టుకొని మీ కాడికి బయలుదేరినాడు. బెల్లం ఊరికే అడ్డం పోయింది. ఆగినాడన్నా! నేను ఏడ్చినా ఆగని మనిషి, పిల్లికి ఆగినాడు. ఆ పొద్దు నాకు కోపం రాలేదు. బుద్ధి వచ్చింది.

కొంచెం దగ్గరికి రండి, లోపలికి వినపడతాది. నీళ్లు చూసే టెంకాయ రైతే తెచ్చుకోవల్లంటారు కదా మీరు? తీసేటప్పుడు ఆయన దాన్ని చెవి కాడ పెట్టుకొని ఆడిస్తాడు, లోపల నీళ్లుండాయా లేదా అని. ఆ చప్పుడే నేర్పినా. పిల్లులు పడుకునేది వాకిలికి ఈ పక్క. చేప ముక్క ఉండేది ఆ పక్క, గొర్ల కొట్టం కాడ. ఆయన పెండ్లికి పోయినా, అంగడికి పోయినా ఇవి కన్ను కూడా తెరవవు. మీ కాడికి బయలుదేరితేనే లేస్తాయి.

మొదటి చప్పుడుకు బెల్లం. అప్పుడు బూడిదను నేను ఒళ్లో పట్టుకుంటా. శకునం చెడిన టెంకాయ పనికిరాదని ఆయన ఇంకోటి తీస్తాడు కదా, దాన్నీ ఆడిస్తాడు కదా? అప్పుడు చెయ్యి వదులుతా.

ఏందట్ల చూస్తారు? చెప్తారా ఆయనతో? చెప్పండి. నా ఎదురుగానే చెప్పండి. మీ అరచేతిలో టెంకాయ దానంతటది లేచి నిలబడతాదంటే నాలుగుసార్లు నమ్మినాడు. టెంకాయ చప్పుడుకు పిల్లి లేస్తాదంటే నమ్మడు. "ఓబుళేసన్నా, నీకేమన్నా పిచ్చా?" అంటాడు.

ఉండండి. చెంబు కింద పెట్టినాడు.

వస్తాండాడు. అదిగో, చెవి కాడ పెట్టుకున్నాడు. కాళ్లు కొంచెం పక్కకు తీయండన్నా, బూడిదకు దోవ కావల్ల.