వ్యాయామం మాస్టారి మోకాలు

పొద్దున్నే వీధిలో వాళ్ళందరిచేతా గుంజీలు తీయించే వ్యాయామం మాస్టారు, రెండ్రోజులుగా నొప్పెడుతున్న మోకాలు పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. భార్య ఫోన్ అందుకుంది.

"క్రయోథెరపీ వ్యాన్ ఇంటికే వస్తుందట. మోకాలికి చల్లగాలి పట్టించి వెళ్ళిపోతారు. పిలవనా?"

"గుమ్మం ముందు వ్యాన్ ఆగితే వీధంతా చూడదూ? మోకాళ్ళ నొప్పులు రాకుండా గుంజీలు తీయించే మహానుభావుణ్ణి నేను. నా పరువేం కావాలి?"

"అయితే క్లినిక్‌కే వెళ్దాం."

"అదే నయం. అక్కడ మనల్నెవరూ ఎరగరు."

"నిన్న కనుక్కుందామని వెళ్ళాను. బెంచీల నిండా మీ శిష్యులే. అందరివీ మోకాళ్ళే."

మాస్టారు గొంతు తగ్గించారు.

"నా గురించి ఏమన్నా అడిగారా?"

"మీరెప్పుడు దొరుకుతారని అడిగారు."

"వ్యాన్‌నే పిలువు. వాళ్ళు వెంటపడితే పరిగెత్తే మోకాలు కాదిది."