కూసోవెట్టి తినిపియ్యాలె

టేకుమట్ల దగ్గర దివ్యాంగ పిల్లల కోసం నడిచే ఒక కేంద్రంలో, మధ్యాహ్నం అన్నాలయ్యాక, టీచర్ కలెక్టర్‌కు ఇవ్వాల్సిన అర్జీ రాస్తోంది. పిల్లలకు అన్నం తినిపించే ఆయా పక్కన కూర్చుంది.

“నీ జీతం పెంచాలని రాసిన అక్కా. వేలిముద్ర ఎయ్యి.”

“పత్తి ఏరవోయినా ఇంతకన్న ఎక్కువిస్తరు. గని నాకు పని నేర్పియ్యాలని గూడ రాయి టీచరమ్మా.”

“వద్దక్కా. పని రాదని మనమే ఒప్పుకున్నట్టయితది. ఉన్న కొలువు తీసేస్తరు.”

“రాదు గదా మరి! నిఖత్‌ను మూడేండ్ల సంది పండవెట్టే తినిపిస్తి. మెతుకులు ఊపిరితిత్తులల్లకు పోయి నిమోనియా అయిందని దవాఖానల చెప్పిండ్రు. కూసోవెట్టి తినిపియ్యాల్నట. పిల్ల బతికింది గని, వాళ్లమ్మ మొఖం చూడలేకపోతున్న.”

“నీకెవరు నేర్పిండ్రక్కా? నీ తప్పేముంది?”

“అసలు గిసొంటియి నేర్పే జాగ ఉంటదా?”

టీచర్ కలం ఆగిపోయింది.

“ఉంటది. హనుమకొండల. మూడు రోజులు నేర్పుతరు.”

“నీకెట్ల ఎరుక?”

“నిరుడు టీచర్లను పిలిచిండ్రు. నేను పోయిన.”

“తినిపిచ్చుడు గూడ చెప్పిండ్రా?”

“చెప్పిండ్రు. బొమ్మను కూసోవెట్టి చూపిచ్చిండ్రు.”

“రోజూ నా ఎదురుంగనే కూసోని డబ్బాల అన్నం తింటివి గదా బిడ్డా! చూస్తనే ఉంటివి గదా!”

“తినిపిచ్చుడు నా పని గాదనుకున్న అక్కా.”

ఆయా అర్జీని టీచర్ వైపు జరిపింది.

“గదే రాయి. నీకు నేర్పిండ్రని, నాకు నేర్పలేదని, నువ్వు చెప్పలేదని.”

“నా పేరు పెట్టాల్నా?”

“నా పేరు పెట్టినవు గదా!”

టీచర్ తల ఎత్తకుండానే కొత్త కాగితం తీసుకుంది.