ఝాన్సీ గొంతు ఉన్న వీడియో

ఉపకులపతి గారికి, గ్రంథాలయ సిబ్బందికి, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. నేను భాస్కరరావును. ఈ గ్రంథాలయంలో పనిచేసిన ఝాన్సీ భర్తను. పరీక్షల మధ్యలో కూడా ఇంతమంది ఆమె సంస్మరణ సభ కోసం ఈ పఠన మందిరానికి వచ్చారు. మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు.

నాకు ప్రసంగాలు అలవాటు లేదు. కానీ ఆమె దగ్గర పనిచేసిన పూర్ణిమ నిన్న నన్ను ఒక మాట అడిగింది. "పుస్తకాలు వెతికే కేటలాగ్ వచ్చే నెల మొత్తం మారుతున్నది సార్. దాని మీద మేడం చేసిన పాత వీడియో తియ్యాల్నా, ఉంచాల్నా? తియ్యనీకి మాకు చేతులొస్తలెవ్వు." జవాబు ఇక్కడే చెప్తానన్నాను.

మిత్రులారా, అసలు ఆమె వీడియోలు ఎందుకు మొదలుపెట్టింది? పాల్మాకుల, మైలార్‌దేవ్‌పల్లి లాంటి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు క్లాసు అవగానే బస్సుకు పరుగెత్తేవారు. ఇక్కడ ఏది ఎలా వెతకాలో నేర్చుకునే తీరిక వాళ్ళకు ఉండేది కాదు. వాళ్ళు ఆగలేకపోతే మనమే వాళ్ళ ఇంటికి వెళ్దాం అంది. పరిశోధన పత్రికల్లో వ్యాసం వెతకడం, థీసిస్‌లో ఆధారాలు రాయడం, ఒక్కో సంగతికి ఒక చిన్న వీడియో. యూట్యూబ్‌లో పెట్టింది. అధ్యాపకులు తమ పాఠాలతో పాటు వాటినీ చూడమనేవారు.

మొదటి వీడియో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఒక్క ముక్క వినపడలేదు. ఇన్నేళ్ళూ గ్రంథాలయంలో మెల్లగా మాట్లాడిన మనిషి. కెమెరా ముందు కూడా గుసగుసలాడింది. కింద ఒక విద్యార్థి రాశాడు: "మేడం, జర గట్టిగ చెప్పుండ్రి. గీడ మిమ్మల్ని ఎవ్వరు గదమాయించరు." చదివి చాలాసేపు నవ్వింది. మళ్ళీ తీసింది. ఈసారి మధ్యలో విమానం లేచింది. అది పోయేదాకా ఆగి, అదే వాక్యం మొదటి నుంచి చెప్పింది. విమానాశ్రయం పక్కన ఉంటూ విమానాన్ని కోప్పడితే లాభమేమిటి?

తర్వాత పరిశోధకుల కోసం రైతుల మాటలు రికార్డు చేయించింది. కొత్వాల్‌గూడ ముత్తయ్య గారు పాత వరి రకాల గురించి, నీళ్ళ పంపకం గురించి చెప్పారు. అందరికీ కనిపించేలా పెట్టేముందు ఝాన్సీ లాప్‌టాప్ తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళింది. నేనే కారు నడిపాను. ఆయన మొత్తం చూసి, "అమ్మా, మా తమ్ముని ముచ్చట తియ్యి. కోపంల అన్న. ఆడు చూస్తే ఇగ నాతోని మాట్లాడడు" అన్నారు. పరిశోధకుడికి కావలసిన నీళ్ళ వివరమంతా ఆ ముచ్చటలోనే ఉంది. ఉంచమని బతిమాలాడు. ఆమె తీసేసింది. వాళ్ళ మాట వాళ్ళదే, మన దగ్గర భద్రంగా ఉందంతే అంది.

పూర్ణిమా, ఇక నీ ప్రశ్న. ఆ పాత వీడియో నేను ఇంట్లో చూస్తూనే ఉన్నాను. అది నా సంగతి. కానీ కొత్తగా చేరే ఒక అమ్మాయి దాన్ని చూసి, తెర మీద లేని బటన్ కోసం వెతుకుతుంది. పుస్తకం దొరక్క, తనకే చేతకాలేదనుకుని వెళ్ళిపోతుంది. ఝాన్సీ మాట విని ఒక విద్యార్థి దారి తప్పాలా? నేను ఒప్పుకోను.

తీసెయ్యండి. రైతుల రికార్డులు ఉంచండి, వాటి అవసరం పెరుగుతుంది. కేటలాగ్ వీడియో మాత్రం నీ గొంతుతో కొత్తగా చెయ్యి. అదీ పాతబడుతుంది. అప్పుడు ఇంకొకరు చేస్తారు. సోమవారమే మొదలుపెట్టు. నువ్వు రమ్మంటే వచ్చి వెనక వరుసలో కూర్చుంటాను.

ఇప్పుడు అందరం లేద్దాం. ఝాన్సీ కోసం కాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడదాం.