జోగి వాయించిన పెద్ద బ్యాండు రికార్డు

సముద్రం అవతల, తెలుగువాళ్ళుండే పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో అచ్చయ్య టీ కొట్టు దగ్గర ఆ ఉదయం జోగి గొంతు ఒక్కటే వినిపిస్తోంది. అందుకు కారణం ఉంది. గుడి భజనలో హార్మోనియం వాయించే లింగరాజు, తన దుకాణం సర్కారు పరమయ్యాక ఓడెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయాడు. అమ్మవారి పండగ ఇంక పది రోజులే ఉంది. ఆ హార్మోనియం ముందు ఎవర్ని కూర్చోబెట్టాలో తేల్చాల్సిన గుడి పెద్ద సత్యారావు ఎదురుగా కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. ముప్పయ్యేళ్ళుగా రేవులో, రైలు స్టేషన్లో బరువులు మోసిన జోగికి ఒక్కసారైనా నలుగురూ చూసేచోట దర్జాగా కూర్చోవాలని మహా కోరిక. వాయించడం రాదన్న సంగతి పండగ నాటికి ఎలాగోలా సర్దుకుంటుందని అతని ధీమా.

"నానేదో గొప్పలకి సెప్పట్లేదు, ఊ సత్యారావ్," అని, పెద్దల పేరు ముందు 'ఊ' చేర్చే అక్కడి మర్యాదతో మొదలెట్టాడు. "కో తాన్ మాంగ్ అని పియానో ఆయన, పద్దెనిమిది మందితో ఇంగిలీసు జాజ్ పాటలు పెద్ద రికార్డు సేసినాడు సూడండి, మూడేళ్ళ కిందట? ఆ స్టూడియోలో ఆయన పక్కన కాయితాలు తిప్పినోణ్ణి నానే. అంతే."

"అంతేనా?" అన్నాడు అచ్చయ్య.

అంతేనా అంటే జోగి ఆగుతాడా?

"అంతే అయితే బాగుణ్ణు. మైకు సూస్తే ఒక్కటే. బూరాలోళ్ళు ఊదితే పియానో ఇనబడదు. కో తాన్ మాంగ్ తల పట్టుకున్నాడు. గట్టిగా ఊదినోణ్ణి దూరంగా నిలబెట్టండి బాబూ అని నానే సెప్పినాను. సాక్సోఫోన్లు వరండాలోకి ఎల్లినాయి. ట్రంపెట్లు రోడ్డు మీదికి. అయినా తగ్గదే! ట్రాంబోను ఊదే లావుపాటాయన్ని రైలెక్కించి ఇన్సేన్ పంపించీసినాం."

ఇన్సేన్ మాట వినగానే సత్యారావు అటూ ఇటూ చూశాడు. "మెల్లగా మాటాడు," అన్నాడు.

"జైల్లోకి కాదండీ, రైలు కార్ఖానా గేటు కాడికి. ఆయన ఊదుతుంటే రెండు ఇంజన్లు వాటంతటవే బయల్దేరిపోనాయి. ఆ తర్వాత ఏటైనాదో తెల్సా? డ్రమ్ము మిగిలింది. దాన్ని పడవ మీద నది అవతల కుండలు సేసే ఊరు ట్వంటే పంపినాం. అక్కడ మంగళారం కొట్టిన దెబ్బ, కాలవ ఎంట పడి, నది దాటి, బుదారం మద్దేన్నం సరిగ్గా పాట మొదటి దరువుకి స్టూడియోలో పడింది! ఆ దెబ్బకి ట్వంటేలో కుండలు కాల్చకుండానే గట్టిపడిపోనాయి."

"దారిలో ఎక్కడా ఆగలేదా?" అన్నాడు అచ్చయ్య.

"పోటు మీదొచ్చింది కదా, ఆగుద్దేటి? ఇంతలో కో తాన్ మాంగ్ వేలు తలుపు సందులో పడి నలిగింది. కో జోగీ, అన్నా, ఇంక నువ్వే దిక్కని నా సేతులట్టుకున్నాడు. కూకున్నాను. ఇద్దరు బకెట్లతో నీళ్ళు పోస్తా ఉంటే వాయించినాను, పియానో అంత ఏడెక్కిపోనాది! ఇంగిలీసు పాటలు కూడదని ఆపించీడానికొచ్చిన మిలటరీ ఆపీసరు తొడ మీద తాళమేసుకుంటా కూకుండిపోయి, టోపీ మర్సిపోయి ఎల్లిపోనాడు. ఆ టోపీ మా ఇంట్లోనే ఉన్నాది."

సత్యారావు గడ్డం నిమురుకున్నాడు. "అయితే నీకు హార్మోనియం ఒక లెక్కేటి," అన్నాడు, నమ్మినట్టే. జోగి గుండె గంతులేసింది.

సరిగ్గా అప్పుడే అతని భార్య సింహాచలమ్మ కూరల బుట్టతో అటుగా వచ్చింది. పియానో మాట చెవిన పడగానే ఆమె మొహం వెలిగిపోయింది.

"ఆ రికార్డు సంగతేనా! అందులో మా ఆయన ఉన్నాడు బాబూ, నిజం," అంది. "పియానో మేడ మీదికి మోసిన నలుగుర్లో ఈయనొకడు. పాటయ్యేదాకా కిక్కురుమనకుండా గోడవార నిలబడమన్నారంట. అందరూ ఒక్క సెనం వాయించడం ఆపే కాడ ఈయన దగ్గీసినాడు. ఇంకో టేపు లేదంట, అలాగే ఉంచీసినారు. పక్కింటోళ్ళ గ్రామఫోను మీద నాను ఇన్నాను. ఇరవయ్యేళ్ళు పక్కన పడుకున్నదాన్ని, ఈయన దగ్గు నాకు తెల్దేటి?"

కొట్టంతా గొల్లుమంది. జోగి సిగ్గుతో చచ్చిపోయాడు. భార్య మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆమె ఇంకా గర్వంగానే నవ్వుతోంది.

సత్యారావు కప్పు కింద పెట్టి లేచాడు.

"జోగీ, పండగనాడు హార్మోనియం నువ్వే తీసుకురా," అన్నాడు. జోగి ఆశగా తలెత్తాడు. "బుజమ్మీద మోసుకొచ్చి పీట మీద పెట్టు. వాయించేసేపు మాత్రం గుడి బయట నిలబడు."