పోయినవాడి ఓటు

(అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, ఉత్తరాన మూతపడిన కాగితం మిల్లు ఉన్న ఊరు. పార్టీ తరఫున దేశాధ్యక్ష పదవికి ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీ ఎన్నిక రోజు, పొద్దున్న ఎనిమిదిన్నర. టిబొడో దంపతుల వంటిల్లు.)

"క్లోడెట్, నా బూట్లెక్కడ దాచావు?"

"నేనెందుకు దాస్తాను నార్మన్? పొయ్యి దగ్గరే ఉంటాయి చూడు."

"పొయ్యి దగ్గర నీవున్నాయి. నావి లేవు. నాకు డెబ్భై నాలుగేళ్ళు. దాగుడుమూతలాడే వయసు కాదు."

"ముందు కాఫీ తాగు. బయట చలి చంపేస్తోంది. ఆ గాలి పీలిస్తే మళ్ళీ నీకు..."

"చచ్చినవాడికి చలేంటి?"

"మళ్ళీ మొదలెట్టావా."

"మొదలెట్టింది నేను కాదు. ఆ ట్రాస్క్. గవర్నరు గారు, కాబోయే అధ్యక్షుడు గారు. క్లోడెట్ అనే ఆవిడ మొగుడు మందు కొనలేక పోయాడని నెల రోజులుగా ఊరూరా చెప్పి నన్ను చంపుతున్నాడు. మొదట కాంకర్డ్ సభలో, వంటింటి నేల మీద పోయాను. కీన్‌కి వచ్చేసరికి ఆస్పత్రి వరండాలో పోయాను. శనివారం టీవీ చర్చలో అయితే నీ ఒళ్ళో తల పెట్టుకుని పోయాను. కిటికీ బయట మంచు కూడా కురుస్తోందట."

"రాజకీయాలవాళ్ళు నాలుగు కలిపి చెబుతారు. కొత్తా?"

"కలిపి చెప్పడం వేరు, మనిషిని చంపడం వేరు. నా ఆఖరి మాట విన్నావా? 'ఇంకే ఇంట్లోనూ ఇలా జరగనివ్వకు' అన్నానట. అది వాడి పోస్టర్ మీదున్న మాట. ఊపిరాడక పోయేవాడు పోస్టర్లు చదువుతూ పోతాడా?"

"నవ్వకు, దగ్గొస్తుంది. అదిగో, వచ్చింది. మందు పీల్చు."

"పీల్చాను."

"రెండుసార్లు పీల్చమన్నాడు డాక్టరు. ఒక్కసారి పీల్చి జేబులో పెట్టేసుకోవడం కాదు."

"నెలాఖరుదాకా రావాలి కదా."

"అందుకే చెబుతున్నాను. ఆ మందు ధర తగ్గిస్తానని అన్నది ట్రాస్క్ ఒక్కడే."

"అన్నాడు. అనడానికేం, నోరే కదా. వాడి చొక్కా చూశావా? మనలా కనపడాలని గళ్ళ చొక్కా కొన్నాడు, పెట్టెలోంచి తీసిన మడతలు కూడా పోలేదు. కట్టెలు కొడుతున్నట్టు ఫొటో దిగాడు. గొడ్డలి తిరగేసి పట్టుకున్నాడు."

"మరి ఆ లాయరుకి వేస్తావా? మిల్లువాళ్ళ తరఫున కోర్టులో నిలబడ్డవాడు. మిల్లు పొడికీ మీ ఊపిరితిత్తులకీ సంబంధం లేదన్నాడు. మీరంతా సిగరెట్లు తాగి పాడుచేసుకున్నారన్నాడు."

"వాడికి వెయ్యను. వాడి మొహాన ఉమ్మడం కూడా దండగ."

"ఆ సెనేటరమ్మ?"

"ఆవిడ మన చర్చి మెట్ల మీద నిలబడి 'నా వెర్మాంట్ ప్రజలారా' అంది. వెర్మాంట్ మన పక్క రాష్ట్రం. ఎవడో చెవిలో చెబితే, నవ్వి, మళ్ళీ అదే అంది."

"ఇంకెవరు మిగిలారు చెప్పు. ట్రాస్కే. వాడూ లాయరూ సరిసమానంగా ఉన్నారని అన్ని సర్వేలూ అంటున్నాయి. ఈ ఒక్కరోజు గడిస్తే..."

"ఈ ఒక్కరోజు నేను చచ్చి పడుంటే అంటావు. నిన్న మధ్యాహ్నం వచ్చిన వాడి మనిషి నీకు నూరిపోసింది ఇదేనా?"

"నూరిపోసిందేం లేదు. మర్యాదస్తుడు పాపం."

"మర్యాదస్తుడే. నేను కట్టెలు మోసుకొస్తుంటే దెయ్యాన్ని చూసినట్టు కొయ్యబారిపోయాడు. తర్వాత గుమ్మంలో నీతో అరగంట గుసగుసలు. ఏమన్నాడు?"

"రాత్రే చెప్పానుగా. ఓట్లు పడేదాకా నిన్ను ఇల్లు కదలనివ్వద్దన్నాడు."

"అంతేనా?"

"కాఫీ బాగుందన్నాడు."

"మా నాయకుడు మీ ఆయన్ని చంపేశాడు, తప్పయిపోయిందమ్మా అని ఒక్కమాట అనలేదా?"

"చక్కెర ఇంకో చెంచా వేసుకో. ఈవేళ చేదుగా కుదిరింది."

"మాట మార్చకు."

"మార్చడం లేదు. తొమ్మిదింటికి ఆ టీవీ అమ్మాయి వస్తోంది, ట్రాస్క్ వాళ్ళే మన నంబరిచ్చారట. నేనింకా తల కూడా దువ్వుకోలేదు."

"రానీ. ఆ చానెలంటే నాకు ఎక్కడలేని గౌరవం. శనివారం ఆరింటికి చర్చలో నా చావు చూపించారు. ఆరున్నరకి డోనట్ల కొట్లో నన్నే చూపించారు, మొహం కింద 'ఇంకా తేల్చుకోని ఓటరు' అని రాసి. ఒకే చానెలు, ఒకే సాయంత్రం. ఆరింటికి చచ్చాను, ఆరున్నరకి తేల్చుకోలేకపోతున్నాను."

"నువ్వెవరో వాళ్ళకి తెలీదు కదా."

"అడిగితే కదా తెలిసేది. మైకు మూతి మీదికి తెచ్చి, ఎవరికి వేస్తారు అంది. వీళ్ళందర్నీ ఒకే పడవలో కూర్చోబెట్టి నదిలోకి తోసేవాడెవడైనా ఉంటే వాడికి అన్నాను. అది కోసేసి, నేను డోనట్ నమలడం చూపించారు. అది చూసి మిల్లులో నాతో పనిచేసిన గాన్యోన్ ఆదివారమంతా ఏడిపించాడు. కొట్లో అందరిచేతా పోయినవాడికి మర్యాదగా టోపీలు తీయించి, పైలోకంలో కాఫీ ఎలా ఉంది నార్మన్ అని అడిగాడు."

"ట్రాస్క్ చెప్పే క్లోడెట్ నేనేనని ఊరందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. అది మెచ్చుకో."

"మనవాళ్ళు బయటివాళ్ళకి పెట్రోలు బంకు ఎక్కడో కూడా చెప్పరు. అందులో మెచ్చుకోడానికేముంది. సరే, ఆ పిల్లకి నిజం నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నిన్న ఫోన్లో అడిగి చూశాను. మా ఆయన సంగతి మీరు విన్నదానికి కాస్త వేరేగా ఉంటే ఎలాగమ్మా అని."

"ఏమంది?"

"మనకున్నది తొంభై సెకన్లండీ, వేరేగా ఉండడానికి టైము లేదంది. ఏడుపొస్తే మాత్రం ఆపుకోవద్దంది."

"చూశావా? చంపేది ఒకడు, ఏడిపించి చూపించేది ఇంకొకతె. ఈ మధ్యలో నేను బతికున్నానా లేదా అన్నది ఎవడికీ పట్టలేదు. వద్దులే, నేనెవరికీ ఏమీ చెప్పను. ఓటేసి వచ్చేస్తాను."

"టౌన్ హాల్లో కెమెరాలుంటాయి."

"అందుకేగా వెళ్ళేది. అక్కడి పద్ధతి నీకు తెలీదా? బల్ల ముందు నిలబడి పేరు పైకి చెప్పాలి. ఓటర్ల జాబితా దగ్గర కూర్చునే మిసెస్ పెల్కీ దాన్ని వీధి చివరిదాకా వినపడేలా తిరిగి చదివి, రూలుకర్ర పెట్టి పేరు మీద గీత కొడుతుంది. యాభై ఏళ్ళకి పైగా ప్రతి ఎన్నికలోనూ ఆ గీత పడింది. ఈవేళా పడుతుంది. నార్మన్ టిబొడో, మిల్లు వీధి. ట్రాస్క్ ఆ గుమ్మం దగ్గరే చేతులు కలుపుతూ నిలబడతాడట. నేనూ కలుపుతాను. ఆ పోయినవాణ్ణి నేనేనండీ అంటాను."

"వాడు ఓడిపోతాడు నార్మన్."

"ఓడిపోనీ."

"ఆ లాయరు గెలుస్తాడు. నీ మందు సంగతి ఇక..."

"ఒక ఆడదాని కష్టం విని, ఆవిడ మొగుణ్ణి చంపి, ఆ శవాన్ని ఊరూరా అమ్ముకున్నవాడు. వాడి దయ వల్ల వచ్చే మందు నాకొద్దు. ఆ అబద్ధాలకోరు..."

"అలా అనకు."

"ఎందుకనకూడదు?"

"అనకు, అంతే."

"నువ్వెందుకు వాణ్ణి వెనకేసుకొస్తున్నావు? మీ ఆయనకి జబ్బని నువ్వు చెప్పావు. చచ్చాడని వాడు చెప్పాడు. ఇందులో నీ తప్పేముంది? నువ్వు జబ్బనేగా చెప్పావు? క్లోడెట్, ఇటు చూడు. జబ్బనే కదా చెప్పావు?"

"మా చెల్లెలి ఊళ్ళో, ఆ చర్చి హాల్లో, ట్రాస్క్‌ని కలవడానికి మూడు గంటలు వరసలో నిలబడ్డాను."

"నేనడిగింది అది కాదు."

"చెప్పనీ. నా ముందు పదకొండు మంది ఆడవాళ్ళు. ఒకావిడ మొగుడికి పక్షవాతం. ఇంకొకావిడ కొడుక్కి కాలు తీసేశారు. అందరి చెయ్యీ పట్టుకున్నాడు, అందరికీ తల ఊపాడు, ఊపుతూనే వాళ్ళ భుజాల మీదుగా గోడ గడియారం చూసుకున్నాడు. నా వంతు వచ్చింది. మా ఆయనకి ఊపిరాడదండీ, మందు సగమే వాడుతున్నాడండీ అన్నాను. అలాగే తల ఊపి, వెనకావిడ వైపు తిరిగాడు."

"తిరిగితే?"

"చెయ్యి వదల్లేదు నేను. మా ఆయన పోయాడండీ అన్నాను. అప్పుడు నా మొహం చూశాడు. అంతమందిలో ఒక్క నా మొహమే చూశాడు నార్మన్."

"నువ్వన్నావా."

"నేనే అన్నాను. వంటింటి నేల మీద అని కూడా నేనే చెప్పాను. ఆస్పత్రీ, ఒళ్ళో తలా, ఆ ఆఖరి మాటా వాడు కలిపినవి. నేల మాత్రం నాదే. అది నేను కల్పించక్కర్లేకపోయింది. నువ్వు పొయ్యి దగ్గర దగ్గుతున్న ప్రతిసారీ రెండేళ్ళుగా నేను చూస్తున్నది అదే. నిన్న ట్రాస్క్ మనిషి గుమ్మంలో అడిగింది కూడా అదే, ఎందుకలా చెప్పావమ్మా అని. భయమేసింది నాయనా అన్నాను. ఇంకేం చెప్పను?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు వాణ్ణి తిడుతుంటే వింటూ కూర్చున్నాను. తిట్లన్నీ నాకే తగులుతున్నా నోరు రాలేదు. నీ బూట్లు బట్టల బుట్టలో, దుప్పటి కింద ఉన్నాయి. తీసుకో. వెళ్ళి నీ పేరు చెప్పుకో. నీ ఓటు నీది, నేనాపను."

"బయట ఏదో ఆగింది."

"టీవీ వాళ్ళ వ్యాను. వెనక గుమ్మంలోంచి వెళ్ళిపో, మఫ్లర్ మర్చిపోకు."

"ఉండు. ఎప్పుడు పోయాను నేను?"

"ఏంటి?"

"ఎప్పుడు పోయానని చెప్పావు వాడికి? ఆ పిల్ల అడుగుతుంది కదా."

"అక్టోబర్లో. పదమూడున."

"సరే. ఆ కప్పు తీసెయ్యి, రెండు కప్పులు కనపడతాయి. నేను పడగ్గదిలో ఉంటాను, దగ్గొస్తే దిండు అడ్డం పెట్టుకుంటాను. వెళ్ళి తలుపు తియ్యి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో క్లోడెట్, ఆ ట్రాస్క్ మంచివాడని చెప్పకు. అంత అబద్ధం ఆడక్కర్లేదు."