కోయిల పేరు ఎవరిది

నా పేరు కనకమహాలక్ష్మి. భర్త పేరు వెంకటరామయ్య. నా వయసు నలభై ఏడు. నాచారంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు, సాంఘికం చెబుతాను. మాది భీమవరం దగ్గర పల్లె. పెళ్ళయిన దగ్గర్నుంచి నాచారంలోనే కాపురం. నా భర్త పారిశ్రామికవాడలో ఒక మిల్లులో ఫిట్టరుగా చేసేవారు. ఆ మోతకు చెవులు దెబ్బతిని పని మానేశారు.

ఈ కేసులో ఫిర్యాదు చేసిన కంపెనీ తరఫు సాక్షుల్లో నా పేరు రాశారు. వినియోగదారురాలిగా నేను మోసపోయానని అందులో ఉంది. నేను ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. మోసపోయానని ఎవరితోనూ చెప్పలేదు.

ముద్దాయి రాజయ్య నాకు బంధువు కాడు. మా కులం కాడు, మా జిల్లా కాడు. జనగామ వైపు మనిషి. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, అతను నీకేమవుతాడని అందరూ నన్ను మొదట అదే అడుగుతున్నారు. అతను మాకు ఫోను అమ్మాడు. అంతే.

కోయిల అనేది నాచారం పారిశ్రామికవాడలోని కంపెనీ. యజమాని పట్టాభిరామయ్య గారు. ఆయనది భీమవరం వైపు మా పక్క ఊరు. మొదట్లో రేడియోలు చేసేవారు, తర్వాత బటన్ ఫోన్లు చేశారు. డబ్బా మీద కొమ్మపై కూర్చున్న నల్ల పిట్ట బొమ్మ ఉంటుంది. రాజయ్య ఆ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేవాడు. 2010లో అది మానేసి నాచారం మెయిన్ రోడ్డు మీద సొంతంగా షాపు పెట్టుకున్నాడు. అందులో కోయిల ఫోన్లు తప్ప వేరేవి పెట్టలేదు. ప్రారంభానికి పట్టాభిరామయ్య గారే వచ్చి రిబ్బన్ కత్తిరించారు. మేమిద్దరం వెళ్ళాం.

ఆ రోజు పట్టాభిరామయ్య గారు ఒక ఫోను తీసి నా భర్త చేతిలో పెట్టి, తన ఫోను నుంచి దానికి చేసి, రోడ్డు మీదికి వెళ్ళి మాట్లాడారు. "ఏమండీ వెంకటరామయ్య గారూ, వినబడుతోందా?" అన్నారు. నా భర్త అప్పటికి కొన్నేళ్ళుగా ఫోనులో ఎవరి మాటా వినలేదు. "వినబడుతోందండీ" అన్నారు. మళ్ళీ "వినబడుతోందండీ" అన్నారు. ఆ ఫోనులో గొంతు బాగా గట్టిగా వస్తుంది. దాన్ని అక్కడే కొన్నాం. రాజయ్య దాన్ని డబ్బాలో సర్ది ఇస్తూ, "టీచరమ్మా, ఇది మన నాచారంల తయారైన మాల్. ఖరాబైతే ఫికర్ జేయకుర్రి, ఫ్యాక్టరీకి నేనే తీస్కపోత" అన్నాడు. మా అమ్మాయి హరిచందన వరంగల్‌లో చదువుకుంటోంది. ఆ సాయంత్రం తండ్రితో మాట్లాడింది. నాతో మాట్లాడటం మరిచిపోయింది.

మరుసటి ఏడాది ఉత్తరాది కంపెనీ ఒకటి కోయల్ అనే పేరుతో టచ్ ఫోన్లు తెచ్చింది. వాళ్ళ డబ్బా మీద కూడా నల్ల పిట్టే, కాకపోతే రెక్కలు విప్పి ఎగురుతూ ఉంటుంది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర పెద్ద హోర్డింగు పెట్టారు. టీవీలో క్రికెట్ మధ్యలో ప్రకటన వచ్చేది. పేరు మాదంటే మాదని రెండు కంపెనీలూ కోర్టుకు వెళ్ళాయి.

మా స్టాఫ్‌రూములో ఈ గొడవ రోజూ నడిచింది. కంప్యూటర్ చెప్పే ఫణీంద్ర కోయల్ ఫోను కొన్నాడు. "పేరు ముందు పెట్టుకుంటే సరిపోతుందా మేడం? దాన్ని పైకి తెచ్చినవాడిదే పేరు. నాచారం దాటితే కోయిల అంటే ఎవరికి తెలుసు?" అనేవాడు. ఆయాగా చేసే శ్యామలమ్మ తమ్ముడు కోయిల ఫ్యాక్టరీలో ఉన్నాడు. "తెల్వకపోతే మాది కాకుంట పోతదా సారూ? గంత పెద్ద కంపెనీకి ఇంకో పేరే దొర్కలేదా?" అనేది. మాటలు పెరిగి, ఫణీంద్రకు శ్యామలమ్మ టీ ఇవ్వడం మానేసింది. అతను బయటికి వెళ్ళి తాగి వచ్చేవాడు. సకల జనుల సమ్మె రోజులొచ్చేసరికి కొందరు, నాచారం కంపెనీ అయితేనేం, యజమాని ఆంధ్రావాడే కదా, పోనీ అన్నారు. ఇంకొందరు, ఢిల్లీవాడికంటే నయం కదా అన్నారు. ఫోను బాగా పనిచేస్తుందా అని మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు. మా ఇంట్లో ఉన్నది బాగా పనిచేస్తోంది.

ఆ సమ్మె రోజుల్లోనే నేను ఒక సంగతి చూశాను. బస్సులు లేవు. పట్టపగలు, ఉప్పల్‌లో పని చూసుకుని నడిచి వస్తున్నాను. రాజయ్య షాపు ముందు కోయిల ఫ్యాక్టరీ వ్యాను ఆగి ఉంది. పట్టాభిరామయ్య గారు ముందు సీట్లో కూర్చుని ఉన్నారు. డబ్బాలు దింపుతున్నారు. రాజయ్య, "సార్, కోర్టుల ఏదో ఆర్డర్ అయిందంటున్రు గద, అమ్మొచ్చునా?" అని అడిగాడు. పట్టాభిరామయ్య గారు, "కేసు మనదేనయ్యా. ఎవడో ఏదో అంటే భయపడతావేంటి? దించుకో" అన్నారు. నన్ను చూసి నమస్కారం పెట్టారు. నేనూ పెట్టాను. కోయిల పేరుతో సరుకు అమ్మకూడదని కోర్టు అంతకు ముందే ఆపిందని నాకు తర్వాత తెలిసింది. అది నిజమేనని రాజయ్యకు కూడా తర్వాతే తెలిసింది.

సమ్మె ముగిసి బళ్ళు తెరిచాక ఒక సాయంత్రం రాజయ్య షాపు ముందు ఒక అమ్మాయి నన్ను ఆపింది. మెడలో కార్డు ఉంది, పేరు గీతిక. "ఆంటీ, ఫోన్ల మీద మీ అభిప్రాయం చెబుతారా? రెండే నిమిషాలు" అంది. ఎవరి తరఫున అంటే, "ఎవరి తరఫునా కాదాంటీ, కస్టమర్ల సర్వే" అంది. తన ఫోనుతో వీడియో తీసింది. టీవీలో వచ్చే పిట్టను చూసి మీరేమనుకున్నారని అడిగింది.

నేను అన్న మాటలు ఇవి. "మొదటిసారి టీవీలో చూసినప్పుడు మన నాచారం వాళ్ళే టీవీకెక్కారనుకున్నానమ్మా. రెండు పిట్టలూ ఒకేలా ఉన్నాయి కదా, ఎవరైనా పొరబడతారు." ఈ మాట నేను అన్నాను. దీని తర్వాతి మాట కూడా నేనే అన్నాను. "అయితే మేం ఫోను కొన్న ఏడాదికి కదా టీవీలో ఆ పిట్ట వచ్చింది. మేం తెలిసే కొన్నాం. పట్టాభిరామయ్య గారి చేతుల మీదుగా కొన్నాం" అన్నాను. ఆ అమ్మాయి థాంక్స్ ఆంటీ అని చెప్పి వెళ్ళింది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం షాపు మీద దాడి జరిగింది. పోలీసులు, వాళ్ళతో ఫిర్యాదు చేసిన కోయల్ కంపెనీ ప్రతినిధి తేజేష్ వచ్చారు. పోలీసుల మీద నాకు ఫిర్యాదు లేదు, వాళ్ళ చేతిలో కాగితం ఉంది. నేను భోజనం వేళ బడి నుంచి వస్తూ జనాన్ని చూసి ఆగాను. డబ్బాలు వ్యానులోకి ఎక్కిస్తున్నారు. రాజయ్య భార్య మానస షట్టరు పట్టుకుని నిలబడింది. "ఇవి ఫ్యాక్టరీ మాల్ సార్, మా సార్‌ను అడుగుర్రి" అని రాజయ్య ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెబుతున్నాడు. తేజేష్ తన ఫోను పైకెత్తి, "నీ కస్టమరే చెబుతోంది చూడు" అని వీడియో పెట్టాడు. అందులో నా ముఖం ఉంది. "రెండు పిట్టలూ ఒకేలా ఉన్నాయి కదా, ఎవరైనా పొరబడతారు." అక్కడితో అయిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అక్కడితోనే అయిపోయింది.

రాజయ్య నా వైపు చూసి, "గది నువ్వేనా టీచరమ్మా?" అన్నాడు. నేనే, కానీ తర్వాతి మాట తీసేశారు అన్నాను. జనం గోలలో అతనికి వినబడిందో లేదో నాకు తెలియదు. మానస నాతో, "మీ సారు ఫోన్ల మాట్లాడుతుంటే మేం మస్తు సంబరపడ్డం టీచరమ్మా" అంది.

రాజయ్యను తీసుకుపోయేటప్పుడు, "మా సార్ వస్తడు. సార్ ఒక్క మాట జెప్తే ఇడుస్తరు" అంటూ వెళ్ళాడు. సార్ రాలేదు. బెయిలుకు ఒక వకీలును పంపారు.

తర్వాత పట్టాభిరామయ్య గారు మా ఇంటికి వచ్చారు. ఆ సర్వే పిల్ల మిమ్మల్ని బెదిరించి అనిపించిందని చెప్పండి అన్నారు. "బెదిరించలేదండీ, నవ్వుతూనే అడిగింది. నేను అన్నదంతా చెబుతాను, అది చాలదా?" అన్నాను. "ఒక జిల్లా వాళ్ళం, ఇంత దూరం వచ్చి బతుకుతున్నాం. ఆ మాత్రం చెయ్యలేరా అమ్మా?" అన్నారు. చెయ్యలేనన్నాను. ఇంకో రోజు తేజేష్ కొత్త టచ్ ఫోను పట్టుకుని వచ్చాడు. "మీరు అన్న మాటే మళ్ళీ అనండి ఆంటీ, కొత్తగా ఏమీ వద్దు" అన్నాడు. మిగతా సగం కూడా అంటానన్నాను. "అది అవసరం లేదాంటీ" అన్నాడు. ఫోను తిరిగి ఇచ్చేశాను.

2012 మార్చిలో రెండు కంపెనీలూ రాజీపడ్డాయని పేపర్లో వచ్చింది. కోయిల పేరును పట్టాభిరామయ్య గారు కోయల్ వాళ్ళకు అమ్మేశారు. ఇకపై నాచారం ఫ్యాక్టరీలో కోయల్ ఫోన్లకు చార్జర్లు చేస్తారట. ఇద్దరూ చేతులు కలిపిన ఫోటో వేశారు. ఆ పేపరు స్టాఫ్‌రూములో బల్ల మీద ఉంది. ఫణీంద్ర, శ్యామలమ్మ ఇద్దరూ చూశారు. ఆమె అతనికి టీ ఇచ్చింది.

ఆ వారమే, ఆదివారం, పట్టాభిరామయ్య గారు, తేజేష్ ఒకే కారులో మా ఇంటికి వచ్చారు. ఒకే సోఫాలో కూర్చున్నారు. పట్టాభిరామయ్య గారు మాట్లాడారు. "రాజయ్య షాపులో దొరికినవి మా సరుకు కాదమ్మా. ఎక్కడో చేయించి మా పిట్ట బొమ్మ వేసుకున్నాడు" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. తేజేష్ వివరించాడు. కోర్టు ఆపమన్న తర్వాత ఒక్క ఫోను కూడా ఫ్యాక్టరీ నుంచి బయటికి పోలేదని ఆయన ఒప్పందంలో రాసిచ్చారట. ఆ సరుకు ఫ్యాక్టరీదే అయితే తప్పు ఆయనది. నకిలీదైతే తప్పు రాజయ్యది. "అందరికీ మంచిదాంటీ" అన్నాడు.

"వ్యానులో ముందు సీట్లో మీరే ఉన్నారు కదండీ" అన్నాను. "నాకు నమస్కారం కూడా పెట్టారు."

అప్పుడే నా భర్త లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చారు. మా మాటలు ఆయనకు వినబడవు. జేబులోంచి ఫోను తీసి పట్టాభిరామయ్య గారికి చూపించి, "మీ చలవే బాబూ. రోజూ మా అమ్మాయి గొంతు వింటున్నాను" అన్నారు. పట్టాభిరామయ్య గారు నీళ్ళు తాగారు. ఫోను వైపు చూడలేదు. తేజేష్ దాన్ని చూసి, "అది కూడా మార్చేద్దాం అంకుల్" అన్నాడు.

(సాక్షి ఇక్కడ మంచినీళ్ళు అడిగారు. తాగిన తర్వాత కొనసాగించారు.)

నేను చూసిందే చెబుతానని ఇద్దరికీ చెప్పాను. పట్టాభిరామయ్య గారు లేచి నిలబడి, "ఆ రాజయ్య మీకేమవుతాడు? రేపు రాష్ట్రం విడిపోతే మిమ్మల్ని ఇక్కడ్నుంచి పొమ్మనేది వాళ్ళే" అన్నారు.

"పొమ్మంటే అప్పుడు చూసుకుంటానండీ. సరుకు దింపింది మాత్రం మీ వ్యానే" అన్నాను.

ఇప్పుడు ఆ షాపుకు కోయల్ బోర్డు పెట్టారు. వేరేవాళ్ళు నడుపుతున్నారు. రాజయ్య ఉప్పల్ నుంచి బోడుప్పల్‌కు షేర్ ఆటో తోలుతున్నాడు, ఆటో కూడా కిరాయిదే. ఒకసారి కావాలనే అతని ఆటో ఎక్కాను. అందరూ దిగిపోయాక, కోర్టులో అంతా చెబుతాను రాజయ్యా అన్నాను. అతను వెనక్కి తిరగలేదు. "అప్పుడు గూడ మాట్లాడితివి గద టీచరమ్మా" అన్నాడు.

అభిప్రాయం చెప్పడం తప్పని నాకు తెలియదు. చెప్పమని అడిగితే చెప్పాను. పేరు ఎవరిదని కోర్టువారు నన్ను అడిగితే నాకు తెలియదు. అది పిట్ట పేరు. రాజయ్య నన్ను మోసం చేశాడా అని అడిగితే, చేయలేదు.

చివరిగా ఒక సంగతి. రాజయ్య ఎవరో తనకు తెలియదని, ఏనాడో ఫ్యాక్టరీలో చేసి ఉంటే ఉండవచ్చని పట్టాభిరామయ్య గారు పోలీసులకు చెప్పారని నాకు ఇక్కడే చదివి వినిపించారు. ఈ ఉదయం కోర్టు వరండాలో బెంచీ మీద రాజయ్య కూర్చుని ఉన్నాడు. నేను, నా భర్త ఎదుటి బెంచీలో ఉన్నాం. పట్టాభిరామయ్య గారు తన వకీలుతో లోపలికి వస్తుంటే రాజయ్య లేచి నిలబడి చేతులు జోడించి, "నమస్తే సార్" అన్నాడు. ఆయన నడుస్తూనే, "కూర్చో రాజయ్యా, కూర్చో. మానస ఎలా ఉంది?" అన్నారు. వకీలు ఆయన మోచెయ్యి పట్టుకుని లాగారు. అప్పుడు ఆగి, నా వైపు చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

నేను విన్నాను. నా భర్త పక్కనే ఉన్నా ఆయనకు వినబడదు. రాజయ్య కూర్చోలేదు. పక్కనున్న మనిషితో, "మా సార్ మానసను అడిగిండు, సూసినవా" అన్నాడు. సంతోషంగానే అన్నాడు.

ఈ మాట కేసుకు సంబంధం లేదని కంపెనీ తరఫు వకీలు అంటున్నారు. అయినా రాసుకోమని కోరుతున్నాను.

ఇందులో నేను చూడనిది, విననిది ఏదీ లేదు. ఎవరి బలవంతం మీదా, ఏ ఆశతోనూ చెప్పలేదు. రాసినది నాకు తెలుగులో చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది.

సంతకం: ఎ. కనకమహాలక్ష్మి